పచ్చదారం కుచ్చులు

పుంగనూరు బస్టాండుకు ఎదురుగా, పాల డిపో సందు మొదట్లో, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేటంత కొట్టు అమరావతిది. జాకెట్టు ముక్కలు, లైనింగు, ఫాల్సు, దారపు రీళ్ళు అమ్ముతుంది. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. బోర్డు మీద మ్యాచింగ్ సెంటర్ అని ఉన్నా ఆ పేరు పలికేవాళ్ళు లేరు. ఊళ్ళో దానికి యాలమ్మ అంగడి అని పేరు పడిపోయింది. యాభై ఆరేళ్ళు వచ్చినా ఏ గుడ్డ చేతికొచ్చినా "దీనికి ఈ పేరు యాల వచ్చింది? యాల ఇట్ల ఉండాది?" అని, ఎందుకు ఎందుకని అడగడం ఆమె మానలేదు మరి.

ఏడో తరగతితో బడి మానేసి సుబ్బయ్య అనే టైలరు దగ్గర కాజాలు కుట్టడానికి చేరినప్పుడు మొదలైంది ఈ జబ్బు. మొదటి రోజే ఆయన "లోపలికి పోయి టూ బై టూ నల్లది తీసుకురా" అన్నాడు.

"టూ బై టూ అంటే ఏందన్నా?"

"రెండు, రెండు."

"ఏమి రెండు? ఏమి ఇంకో రెండు?"

"కలిపితే నాలుగు. పో, గుడ్డ తీసుకురా."

ఆ రెండు రెండ్లు ఏమిటో తెలియడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. బెంగుళూరు నుంచి సరుకు చూపించడానికి వచ్చిన ఒక ఏజెంటు, ఈ పిల్ల పోరు పడలేక, జాకెట్టు ముక్క అంచున ఒక పోగు లాగి, గోటితో వెనక్కి తిప్పాడు. పోగు విడిపోయి రెండు సన్నటి పోగులైంది. నిలువు పోగులన్నీ అట్లా రెండేసి కలిపి పేనినవే, అడ్డం పోగులూ అంతే. అందుకని టూ బై టూ. అందుకే పలచగా కనబడినా గట్టిగా ఉంటుంది, చెమటకు చీకదు. ఆ పూట అమరావతి అంగట్లో ఉన్న ప్రతి గుడ్డ అంచునా ఒక పోగు పీకి గోటితో తిప్పి చూసింది. సాయంత్రానికి సుబ్బయ్య చేత తిట్లు కూడా తింది.

తర్వాత ఒక్కొక్కటే తెలుస్తూ వచ్చింది. కోరాబట్ట అంటే మగ్గం మీది నుంచి దిగినది దిగినట్టే, చలవ చేయనిది, గంజి పోనిది; మొదటి ఉతుకుడుకు కుంచించుకుపోతుంది కాబట్టి కుట్టే ముందే ఒకసారి తడిపి ఆరేయాలి. జార్జెట్టు ముట్టుకుంటే ఇసుక మీద చెయ్యి పెట్టినట్టు ఉండేది పోగును బాగా మెలిపెట్టి నేయడం వల్ల. శాటిన్ మాత్రం ఆమెను చాలా రోజులు ఏడిపించింది. శాటిన్ ఒక రకం దారమేమో అనుకుంటూ వచ్చింది. తీరా చూస్తే అది దారం పేరు కాదు, నేత పేరు. ఒక పోగు కింద దూరి, నాలుగు పోగుల మీదుగా తేలిపోతే పైన వెలుతురు జారి నిగనిగలాడుతుంది. పట్టుతో అట్లా నేసినా శాటినే, పాలిస్టరుతో నేసినా శాటినే. ఈ సంగతి చెబితే కొనవచ్చిన ఆడవాళ్ళు "అబ్బా, యాలమ్మా, మీటరు ఇయ్యమ్మా, బస్సు పోతాంది" అనేవారు.

తెలుసుకున్న ప్రతి గుడ్డ నుంచీ రెండు వేళ్ళ వెడల్పు ముక్క కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. మొగుడు పోయాక ఆ డబ్బాను, ఒక కుట్టు మిషనును పెట్టుకుని ఈ కొట్టు తెరిచింది.

ఆమెకు అసలు విద్య చెప్పింది కృష్ణప్ప. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే మనిషి, ఇప్పుడు డెబ్బై దాటాడు. ఇరవై రెండేళ్ళ వయసులో అమరావతి ఏదో పని మీద పోయి ఆయన మగ్గం పక్కన నిలబడిపోయింది. ఆయన విసుక్కోలేదు.

"నిలువుగా కట్టింది పడుగమ్మా. అడ్డంగా పోయేది పేక. పడుగును లాగి కడతాం గాబట్టి అది సాగదు. పేక రవ్వంత సాగతాది. ఏ గుడ్డయినా రెండు పక్కలా లాగి సూడు, సాగంది ఏదో అది పడుగు."

"ఐమూలగా లాగితే?"

"ఐమూలగా లాగితే ఏదైనా సాగతాది. యాలంటే ఆడ లాగను పోగే లేదు గదా."

ఇంటికొచ్చి ఒక టవలును మూడు రకాలుగా లాగి చూసి, చిన్నపిల్లలా నవ్వుకుంది. ఆమె కొట్టు తెరిచినప్పటి నుంచీ కృష్ణప్ప తన దగ్గర చీర కొన్నవాళ్ళకు ఒక మాట చెప్పి పంపేవాడు: "పోతాపోతా పుంగనూరులో దిగండి. అమరావతమ్మ కుచ్చులు కడితే సీరకు కళ వస్తాది."

ఇన్ని అడిగిన మనిషి, ఇంతమందికి చెప్పిన మనిషి, ఒక్క విషయం మాత్రం చెప్పకుండా దాటేస్తూ వచ్చింది.

మొదట్లో ఆమె కుచ్చులు కట్టింది పట్టుదారంతోనే. పన్నెండేళ్ళ కిందట మెరుపు రీళ్ళు వచ్చాయి. వందల రంగులు, ఉతికినా దిగని రంగు, చిక్కుపడదు, అద్దంలా మెరుస్తుంది. అది పాలిస్టరని ఆమెకు మొదటి రోజే తెలుసు; అగ్గిపుల్ల గీసి చూస్తే కరిగి ముద్దయింది కదా. కట్టినవి చూసి ఆడవాళ్ళు మురిసిపోయారు. "పట్టుదారమేనా అక్కా?" అని అడిగితే ఆమె "మంచిదారమమ్మా" అనేది. అబద్ధం కాదు. నిజమూ కాదు. పదిసార్లు అన్నాక ఆ మాట నోటికి అలవాటైపోయింది.

మొన్న వైశాఖంలో, ఉదయం తొమ్మిది గంటలకు, కృష్ణప్ప మదనపల్లె బస్సు దిగి నేరుగా కొట్టుకు వచ్చాడు. మామూలుగా వస్తే ముందు కాఫీ అడుగుతాడు. ఆ రోజు స్టూలు మీద కూర్చుని, చేతిలో ఫోను ఆమె ముందు పెట్టాడు.

"సూడమ్మా. నేనైతే పూర్తిగా సూడలేకపోయినా. ఆయమ్మ మాట ఇనంగానే పక్కన పెట్టేసినా."

నెలన్నర కిందట శాంతిపురం నుంచి వసంతమ్మ అనే ఆమె కూతురి పెళ్ళికని ఆయన దగ్గర ముహూర్తం చీర కొనుక్కుపోయింది. వీడియో ఆ ఇంటిదే. ఒక ఆడమనిషి చెయ్యి, అగ్గిపుల్ల, ఒక దారపు ముక్క. దారం భగ్గుమనలేదు. ముడుచుకుని, కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది. వెనక నుంచి గొంతు: "సూడండమ్మా, మదనపల్లె పట్టంట! మేము పట్టుపురుగుల్ని పెంచేవాళ్ళం, మాకే ప్లాస్టిక్కు కట్టబెట్టినాడు ఆ కృష్ణప్ప!"

"కుప్పం అంగడాయన రాత్రే ఫోను చేసినాడు," అన్నాడు కృష్ణప్ప. ఇంటికొచ్చి కొనుక్కుపోయే ఒకటీ అరా తప్ప ఆయన నేసిన చీరలన్నీ పోయేది ఆ ఒక్క అంగడికే. "ఈ మాట తేలేదాకా సీరలు పంపొద్దన్నాడు. మగ్గం మీద పడుగు సగంలో ఉండాది. నలభై ఏండ్లకు నా పేరుతో ఇట్లాంటి మాట ఇంటాండానమ్మా."

అమరావతి వీడియో మళ్ళీ పెట్టింది. ఈసారి మంటను చూడలేదు, అగ్గిపుల్ల దగ్గరికి రాకముందు దారాన్ని చూసింది. చిలకపచ్చ.

ఆ చీర ఆమెకు గుర్తుంది. వంగపండు రంగు, ఆవపువ్వు అంచు. చీరలో ఎక్కడా పచ్చ లేదు. పెళ్ళికూతురు సింధూజ, జాకెట్టు పచ్చది కుట్టిస్తున్నాను, కుచ్చులూ పచ్చవే కావాలని అడిగింది. ఈ కొట్టులోనే, ఈ స్టూలు మీదే కూర్చుని, రీలు తనే ఎంచుకుంది.

ఆమె ఫోను ఆయన చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఏమ్మా? ఏమైనా తెలిసిందా?"

"పోయి సూడాల అన్నా," అంది. "సీర సూడకుండా సెప్పలేం."

బిస్కెట్ల డబ్బా సంచిలో పెట్టుకుని, కొట్టు మూసి ఆయనతో బస్సెక్కింది.

పలమనేరులో బస్సు మారారు. కిటికీ పక్కన కూర్చున్న కృష్ణప్ప తనలో తాను మాట్లాడుకున్నట్టు చెబుతూనే ఉన్నాడు. "ముడిపట్టు ఇచ్చినోళ్ళే మోసం చేసినారేమో అనుకున్నా. ఇంట్లో ఉండే కండెలన్నీ తీసి ఒక్కొక్క పోగూ కాల్చి సూసినా. అన్నీ సరిగానే కాలినాయి. ఇల్లంతా వెంట్రుకలు కాలిన కంపు. కోడలు నీకు మతి పోయిందా మామా అనింది." కొంచెం ఆగాడు. "మతి పోలేదు గానీ, నా మీద నాకే అనుమానం వచ్చేసిందమ్మా. కండ్లు సరిగా లేవు గదా, యాడన్నా ఏదన్నా కలిసిపోయిందా అని."

ఇప్పుడు చెప్పాలి అనుకుంది అమరావతి. బస్సు వి.కోట స్టాండులోకి తిరిగింది. జామకాయలు అమ్మే ఆమె కిటికీ కింద కేకలు పెడుతోంది. ఆమె పోయాక చెబుదామనుకుంది. ఆమె పోయింది.

"నువ్వు తోడు రాబట్టి ధైర్యంగా ఉండాది," అన్నాడు కృష్ణప్ప. "నేసినోడు నా గుడ్డ మంచిదంటే ఎవురు ఇంటారు? గుడ్డ తెలిసినామె, పరాయిమనిషి సెప్తే ఇంటారు."

పరాయిమనిషి అన్న మాట విన్నాక ఆమె డబ్బా మూత మీది తుప్పును గోటితో గీకుతూ కూర్చుంది. రీలు అమ్మినవాడు పట్టని చెప్పి మోసం చేశాడు అంటే సరిపోతుంది. కృష్ణప్ప పేరూ నిలబడుతుంది, తన పేరూ నిలబడుతుంది. ఎవడూ అడగని రీళ్ళవాడు ఏ బెంగుళూరులోనో ఉన్నాడు. శాంతిపురం దాకా ఆ మాటను లోపల పదిసార్లు అల్లి చూసుకుంది. ప్రతిసారీ అల్లిక బాగానే కుదిరింది. అదే ఆమెకు నచ్చలేదు.

వసంతమ్మ ఇంటి వెనక మల్బరీ తోట. పక్కన పురుగుల షెడ్డు. లోపల వేల నోళ్ళు ఆకు తింటున్న చప్పుడు, వాన చినుకులు పడుతున్నట్టు. మామూలు రోజైతే అమరావతి అక్కడే నిలబడిపోయి పురుగు ఎన్ని రోజులు తింటుంది, ఎందుకు నిద్రపోతుంది అని అడిగేది.

వసంతమ్మ మనిషి మెత్తన. "రాండి, కూసోండి" అని చాప వేసింది. పంచలో నిలబడి ఉన్నది ఆమె ఆడబిడ్డ రెడ్డెమ్మ. వీడియోలో వినిపించిన గొంతు ఆమెదే.

"వచ్చినాడమ్మా పట్టుచీరల దేవుడు," అంది రెడ్డెమ్మ. "తోడు ఒకామెను కూడా పిలుచుకోనొచ్చినాడు, సాక్ష్యానికి."

"అత్తా, ఊరుకో," అంది సింధూజ లోపలి నుంచి చీర తెస్తూ.

"యాల ఊరుకోవాల? పట్టుగూళ్ళు పండించేది మనం. మన ఇంటి పిల్లకు మనమే ప్లాస్టిక్కు కట్టి పీటల మీద కూసోబెట్టాలా?"

కృష్ణప్ప చీర వంక చూశాడే తప్ప ముట్టుకోలేదు.

అమరావతి రెడ్డెమ్మ వైపు తిరిగింది. "కాల్చిన పోగు యాడ నుంచి పీకినావమ్మా?"

"కొస నుంచి. ఇంగ యాడ నుంచి పీకుతారు? కొత్తసీర నడుమ పోగు లాగి చిల్లి చెయ్యమంటావా?"

"ఏ కొస?"

"ఇదో, ఈ కుచ్చు నుంచి." రెడ్డెమ్మ కొంగు ఎత్తి చూపించింది. పచ్చటి కుచ్చులు, ఒక్కోదానికి మూడు గాజుపూసలు, పైన అమరావతి మాత్రమే వేసే మెలికముడి. ఒక కుచ్చు మిగతావాటికంటే సన్నబడి ఉంది.

కృష్ణప్ప కొంగు దగ్గరికి వంగి చూశాడు. "ఈ పచ్చది నేను నేసింది కాదే," అన్నాడు నెమ్మదిగా. "ఈ సీరలో పచ్చ యాడుంది?"

అల్లుకొచ్చిన మాట అమరావతి నాలుక చివర ఉంది. దాన్ని మింగింది.

"నాది అన్నా. కుచ్చులు కట్టింది నేను. ఆ దారం పట్టు కాదు, పాలిస్టరు. అది పట్టు కాదని నాకు ముందే తెలుసు. ఈ అమ్మాయి పట్టుదారమేనా అని అడిగింది. మంచిదారం అని సెప్పినా. అడిగినోళ్ళందరికీ పన్నెండేండ్లుగా అదే సెప్తాండా. అట్ల కాలిపోయింది నా దారం, ఆయన సీర కాదు."

షెడ్డులో పురుగుల చప్పుడు పంచదాకా వినిపించింది.

ముందుగా తేరుకున్నది రెడ్డెమ్మే. "అట్లంటే సరిపోయిందా? నువ్వూ ఆయనా ఒకటైపోయి కుచ్చు మీదికి తోసేస్తే?"

"తోసేయను. అగ్గిపెట్టె తీసుకో. కాల్చేది నువ్వే, వాసన సూసేది నువ్వే."

అమరావతి చీరను తిప్పి, కొంగు కాకుండా, కట్టుకున్నప్పుడు లోపలికి దోపుకునే కొస విప్పింది. కత్తిరించిన అంచు దగ్గర సూది మొనతో ఒక నిలువు పోగు, ఒక అడ్డం పోగు తీసింది. అక్కడ ఒక పోగు పోయినా ఎవరికీ కనబడదు. తన డబ్బాలోంచి నూలు పోగు కూడా ఒకటి తీసింది.

"ముందు ఇది, నూలు."

రెడ్డెమ్మ అగ్గిపుల్ల గీసింది. నూలు కాగితంలా చకచకా కాలి, ఊదితే ఎగిరిపోయే బూడిదైంది. పచ్చదారం మళ్ళీ ముడుచుకుని నల్లపూసైంది; సింధూజ గోటితో నొక్కితే నలగలేదు. తర్వాత పడుగు పోగు. మంట తగిలిన చోట చిటపటమని, మంట తీయగానే దానంతట అదే ఆరిపోయింది. కొసన చిన్న నల్లటి గడ్డ. వేళ్ళ మధ్య పెడితే పొడిపొడి అయింది. పేక పోగూ అట్లానే.

రెడ్డెమ్మ ముక్కు దగ్గరగా పెట్టుకుని పీల్చింది. చాలాసేపు పీల్చింది. గూళ్ళు ఒలుచుకున్నాక పురుగులు గూడు కట్టే తట్టలకు అంటుకుపోయిన పీచును ప్రతి పంటకూ మంట చూపించి కాల్చేది ఆ ఇంట్లో ఆమే.

"తట్టలు కాల్చినప్పుడు వచ్చే వాసనే," అంది. గొంతు తగ్గింది గానీ పూర్తిగా కాదు. "పట్టే. పెద్దాయనా, నీది పట్టే. కానీ ఈ కుచ్చులమ్మ మాత్రం..."

"అవునమ్మా," అంది అమరావతి. "ఆ మాట నాకే."

సింధూజ రెండో వీడియో తీసింది. అందులో రెడ్డెమ్మ గొంతు మొదటిదానంత గట్టిగా లేదు, కానీ తప్పు తనదేనని, కుచ్చుదారం పీకి చీరను అన్నానని చెప్పింది. ఎవరి దారమో కూడా చెప్పమని అమరావతే అడిగి తన పేరు చెప్పించింది. వసంతమ్మ మజ్జిగ తెచ్చింది. కుచ్చులు విప్పేసి కొత్తవి కడతానని అమరావతి అంటే, సింధూజ కొంగు తన వైపు లాక్కుంది. "వద్దక్కా. నాకు ఆ పచ్చే కావాల. ఇప్పుడు ఏందో తెలిసిపాయ గదా."

తిరుగు బస్సులో, వి.కోట దాటాక కృష్ణప్ప అడిగాడు.

"పొద్దున్నే తెలుసా నీకు?"

"వీడియో సూడంగానే."

"బస్సెక్కక ముందే సెప్పొచ్చు గదా."

"సెప్పుంటే నన్ను పిలుచుకోని వచ్చేవాడివా అన్నా?"

ఆయన ఆలోచించాడు. "వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. పలమనేరులో దిగేటప్పుడు ఆమె సంచి పట్టుకున్నాడు గానీ, ఆమె మొహం చూడలేదు.

మొదటి వీడియో పోయినంత దూరం రెండోది పోలేదు. అయినా కుప్పం అంగడాయన చూశాడు, చీరలు పంపమన్నాడు. మగ్గం మీద సగంలో ఆగిన పడుగు కదిలింది. పుంగనూరులోనూ చూశారు. పాల డిపో దగ్గర ఇందిరమ్మ అనే ఆమె నలుగురి ముందే నిలదీసింది: "ఊరందరినీ యాల యాల అని అడిగితివే, నీ దారం మాట మాకు యాల చెప్పలేదు?" రెండు పెళ్ళిళ్ళ చీరలు వేరే అంగడికి పోయాయి. మదనపల్లె నుంచి కృష్ణప్ప పంపే చీరలు ఆగిపోయాయి. కొట్టు ముందు అమరావతి ఒక అట్టముక్క కట్టింది. దానికి రెండు కుచ్చులు వేలాడుతున్నాయి, ఒకటి పట్టు, ఒకటి పాలిస్టరు; పక్కన ఒక అగ్గిపెట్టె. ఎవరైనా కాల్చి చూసుకోవచ్చు. చాలామంది కాల్చి చూసి, మెరిసేదే కట్టించుకుపోయారు.

రెండు నెలలు గడిచాక ఒక చీర వచ్చింది, మదనపల్లె బస్సు కండక్టరు చేత. విప్పి చూస్తే కొంగు కొసన జానెడు మేర పేక లేదు. వట్టి పడుగు పోగులు, నేయకుండా వదిలినవి, పట్టు జుట్టులా వేలాడుతున్నాయి. ఆమె ఫోను చేసింది.

"జానెడు ఇడిసినా," అన్నాడు కృష్ణప్ప. "సీర పోగులతోనే కుచ్చు కట్టు. కొస పీకినా, నడుమ పీకినా ఒకటే పోగు. ఎవురూ మాట అనలేరు."

"పచ్చది అడిగితే అన్నా?"

"పచ్చది కట్టు. ఏందో సెప్పి కట్టు." ఆగి, "ఒక పోగు కాల్చి సూసుకుంటివా?" అన్నాడు. గొంతులో పాత నవ్వు కొంచెం తిరిగి వచ్చింది.

అప్పటికే కాల్చి చూసింది. అనుమానంతో కాదు. శాంతిపురం నుంచి వచ్చినప్పటి నుంచీ ఒక సంగతి ఆమెను నిలవనీయడం లేదు.

"అన్నా, నూలు కొసదాకా కాలిపోతాది. పట్టుకు మంట తీస్తే అదే ఆరిపోతాదే, యాల?"

అవతల మగ్గం చప్పుడు రెండుసార్లు వినిపించి ఆగింది.

"అది నాకూ తెలీదమ్మా," అన్నాడు కృష్ణప్ప. "పురుగును అడగాల."